కుక్క మన మందుబిళ్ళలు మింగినపుడు



మనుషులకు వైద్యం చేసినవాడికి కుక్కల సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. పశువైద్యం నేను చదివిన విద్య కాదు. అయితే కుక్క మింగే బిళ్ళ మాత్రం నావంటి వైద్యుడు ఒక మనిషికి రాసినదే. దానిని మందుల అంగడివారు మనిషికే ఇచ్చారు. ఇంట్లో ఎవరో ఒక మనిషే దానిని అలక్ష్యంగా వదిలారు. కావున ఈ ప్రమాదంలో మొదటి బాధ్యత మనుషుల వైద్యులదని, రెండవది ఇంటి పెద్దలదని నా అభిప్రాయం. అందుకు కారణాలను, ఆపద వచ్చినపుడు చేయవలసిన పనులను, చేయకూడని పనులను ఈ వ్యాసంలో వివరిస్తాను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలో ఇప్పుడు చాలా ఇళ్ళలో ఒకటే పరిస్థితి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, సముద్రాల అవతలనో ఉద్యోగాలు చేస్తుంటారు. ఇంట్లో అరవై, డెబ్బై ఏళ్ళు దాటిన దంపతులు, వారికి తోడుగా ఒక కుక్క ఉంటారు. నెలకు సరిపడా రక్తపోటు, మధుమేహం, కీళ్ళనొప్పుల మందులు అంగడివారిచ్చిన పల్చని సంచిలోనే ఉంటాయి. ఆ సంచి మంచం పక్కన స్టూలు మీదనో, మంచం కోడుకు వేలాడుతూనో ఉంటుంది. అది కుక్కకు అందే ఎత్తు. వేసవి సెలవులకు మనుమలు వచ్చినపుడు వారికీ అందే ఎత్తు.

కుక్కకు బిళ్ళల అట్ట ఒక ఆటవస్తువు. దానికి యజమాని చేతి వాసన ఉంటుంది, నమిలితే చప్పుడు చేస్తుంది, కొన్ని బిళ్ళల పైన తీపి పూత కూడా ఉంటుంది. మనిషి పొరపాటున ఒక బిళ్ళ ఎక్కువ వేసుకుంటాడేమో గాని, కుక్క అట్ట మొత్తం నమిలేస్తుంది.

నేను చేసిన తప్పు

1990ల తొలి సంవత్సరాలలో జరిగిన సంఘటన ఒకటి చెప్పాలి. ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. నాటి రాత్రి ఆసుపత్రిలో విధి నిర్వహణలో ఉన్నది నేనే. పది గంటల వేళ ఒక గొర్రెల కాపరి తన కుక్కను కంబళిలో చుట్టి భుజాన వేసుకుని వచ్చాడు. అతడు క్షయవ్యాధికి మా దగ్గరే మందులు తీసుకుంటున్న రోగి. మంద వెంట రోజుల తరబడి తిరిగేవాడు కనుక బిళ్ళలను సంగటి మూటలోనే కట్టుకునేవాడు. ఆ సాయంత్రం కుక్క సంగటి కోసం మూటను చింపి, దానితో పాటు పది ఐసోనియాజిడ్ బిళ్ళలను మింగింది. నా దగ్గరకు వచ్చేసరికి అది కాళ్ళు బిగదీసుకుని మూర్ఛలతో కొట్టుకుంటున్నది.

"సార్, బిడ్డ మాదిరి సాకినా. ఏదన్నా సూది ఏయండి సార్" అన్నాడు.

"ఇది మనుషుల ఆసుపత్రి అబ్బీ. పొద్దున పశువుల ఆసుపత్రికి తీసుకుపో" అన్నాను.

అతడు మారు మాట్లాడలేదు. ఆసుపత్రి ప్రహరీ పక్కన వేపచెట్టు కింద కూర్చున్నాడు. తెల్లవారక ముందే కుక్క చనిపోయిందని కాపలా మనిషి చెప్పాడు.

ఐసోనియాజిడ్ ఎక్కువైనపుడు మెదడులో బి6 విటమిను పనికి రాకుండా పోయి మూర్ఛలు వస్తాయి. మింగిన మందు ఎన్ని మిల్లీగ్రాములో అన్ని మిల్లీగ్రాముల బి6ను సూదిమందుగా ఇవ్వడమే దానికి విరుగుడు. మనుషుల విషయంలో ఇది నేను చదువుకున్న పాఠమే, కుక్కకూ వర్తించేది అదే పాఠం. ఐసోనియాజిడ్ వాడే రోగులకు మేము రోజూ బి6 బిళ్ళలు ఇచ్చేవాళ్ళం. మూర్ఛలను ఆపే డయాజిపామ్ సూదిమందు నా బల్ల పక్క అల్మరాలోనే ఉంది. పశువైద్యాధికారి నాలుగు ఇళ్ళ అవతల కాపురం ఉండేవారు. మనిషిని పంపి ఉంటే పది నిమిషాలలో వచ్చేవారు. వచ్చినా ఆ కుక్క బ్రతికి ఉండేదని నేను అనను. పది బిళ్ళలంటే 3,000 మిల్లీగ్రాములు. పదిహేను కిలోల కుక్కకు అది కిలోకు 200 మిల్లీగ్రాముల వంతున పడింది. కిలోకు 50 మిల్లీగ్రాములే ప్రాణాంతకం కావచ్చు. అయినా ఒక్క ప్రయత్నమైనా చేయకపోవడం నా తప్పు.

దానికంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. కుక్క మింగినవి ఆ కాపరి పది రోజుల మందులు. వాటికి బదులు బిళ్ళలు ఇవ్వాలన్న ఆలోచనే నాకు రాలేదు. మరుసటి నెల మందుల తేదీకి అతడు రాలేదు. ఆరోగ్య కార్యకర్త వెతికి పట్టుకోగా "సర్కారు బిళ్ళలు పోగొట్టినానని తిడతారని రాలేదు" అన్నాడట. చికిత్స మధ్యలో ఆగిపోయింది. తిరిగి మొదలుపెట్టి పూర్తి చేయగలిగాము, అతడు కోలుకున్నాడు. కానీ ఆ రాత్రి నా ముందు ఇద్దరు రోగులు నిలబడితే నేను ఒక్కరినీ చూడలేదు. కుక్క మందు మింగడం మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన విషయమని నేను గట్టిగా చెప్పడానికి ఈ అనుభవమే మూలం.

మనకు మందు, దానికి విషం ఎందుకు?

ఇందుకు కారణాలు రెండు. మొదటిది బరువు. అరవై కిలోల మనిషికి తయారైన బిళ్ళ అయిదు కిలోల పొమెరేనియన్ కడుపులో పడితే, మనిషి ఒకేసారి పన్నెండు బిళ్ళలు మింగినట్లే. ముప్ఫై కిలోల లాబ్రడార్ అదే బిళ్ళను మింగితే పరిస్థితి వేరుగా ఉంటుంది. కావున "ఒక్క బిళ్ళేగదా" అన్న మాటకు కుక్క బరువు తెలియకుండా అర్థం లేదు.

రెండవ కారణం కాలేయం. మందులను విరిచి బయటకు పంపే జీవోత్ప్రేరకాలు అన్ని జంతువులలో ఒకటిగా ఉండవు. ఐసోనియాజిడ్‌ను నిర్వీర్యం చేసే ఒక ముఖ్యమైన జీవోత్ప్రేరకం కుక్కలలో పుట్టుకతోనే లేదు. పారసిటమాల్‌ను వదిలించుకునే శక్తి పిల్లులలో చాలా తక్కువ. ఐబుప్రోఫెన్ కుక్క శరీరంలో పైత్యరసంతో పేగులలోకి వచ్చి, మరల రక్తంలోకి చేరుతూ చాలాసేపు నిలిచి ఉంటుంది.

ఒక ప్రాణికి ఉపశమనమిచ్చే మందు మరొక ప్రాణిని ఎంత దెబ్బతీయగలదో మన దేశం రాబందుల విషయంలో చూసింది. మనుషుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్‌ను పశువులకూ ఇచ్చారు. ఆ పశువులు చనిపోయిన తర్వాత వాటి కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి రాలిపోయాయి. తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా అంతరించాయి. 2004లో కారణం బయటపడింది. 2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. పెద్ద సీసాలను పశువులకు మళ్ళిస్తున్నారని 2015లో మనుషుల సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. 2023లో పశువులకు ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌లను కూడా నిషేధించారు. మందు ఎవరికి ఉద్దేశించినదో వారికే చేరాలన్న పాఠాన్ని మనం ఇంత వెల చెల్లించి నేర్చుకున్నాము.

మన ఇళ్ళలోని బిళ్ళలు

అన్ని మందులూ సమానంగా ప్రమాదకరం కావు. మన ప్రాంతపు ఇళ్ళలో సాధారణంగా ఉండే వాటిని గూర్చి చెబుతాను.

పారసిటమాల్: కుక్కలలో కిలో బరువుకు 100 మిల్లీగ్రాములు దాటితే కాలేయం దెబ్బతినవచ్చు. అయిదు కిలోల కుక్క ఒక్క 650 మిల్లీగ్రాముల బిళ్ళ మింగితే కిలోకు 130 అవుతుంది. లాబ్రడార్ అదే బిళ్ళ మింగితే కిలోకు 22 కూడా కాదు. చిగుళ్ళు గోధుమరంగుకు తిరగడం, ముఖం వాయడం, ఆయాసం ప్రమాద సూచనలు. పిల్లికి మాత్రం ఒక్క బిళ్ళే ప్రాణం తీయవచ్చు. మనుషులకు వాడే ఎసిటైల్‌సిస్టీన్ దీనికి విరుగుడు.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్: కీళ్ళనొప్పులకు మన వాళ్ళు చీటీ లేకుండానే కొని వాడే బిళ్ళలు ఇవి. కుక్కలలో కడుపులో పుండ్లు, రక్తపు వాంతులు, నల్లని విరేచనాలు కలుగుతాయి. మోతాదు పెరిగితే మూత్రపిండాలు విఫలమవుతాయి. చిన్న కుక్కకు 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ బిళ్ళ ఒక్కటే చాలు. వీటిలో పారసిటమాల్ కూడా కలిసిన బిళ్ళలు రెండు విధాలా హాని చేస్తాయి.

ఇనుము బిళ్ళలు: గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఎర్రని బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పది కిలోల కుక్క పది బిళ్ళలు మింగితే కిలోకు 60 మిల్లీగ్రాములు. అది తీవ్రమైన విషప్రభావం కలిగే స్థాయి. మొదట వాంతులు, విరేచనాలు అవుతాయి. తర్వాత కొన్ని గంటలు తేరుకున్నట్లు కనిపిస్తుంది. ఆ పిమ్మట ఒక్కసారిగా కుప్పకూలవచ్చు. పసిపిల్లలు ఈ బిళ్ళలు మింగినపుడు జరిగేది కూడా సరిగ్గా ఇదే.

డి విటమిను: వారానికొకటి చొప్పున వేసుకోమని ఈ మధ్య విరివిగా రాస్తున్న గుళికలో 60,000 యూనిట్లు ఉంటాయి. అంటే ఒకటిన్నర మిల్లీగ్రాములు. పది కిలోల కుక్క నాలుగు గుళికలు మింగితే కిలోకు 0.6 మిల్లీగ్రాములు. ఆ మోతాదులో రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు చెడిపోగలవు. కాల్షియం పెరగడానికి ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది. అందుకే "విటమినేగదా" అని ఊరకుండరాదు.

మధుమేహపు బిళ్ళలు: గ్లిమిపిరైడ్, గ్లిబెంక్లమైడ్ వంటివి కుక్క రక్తంలో చక్కెరను పడగొడతాయి. తూలడం, నీరసం, మూర్ఛలు కలుగుతాయి. ఈ ప్రభావం ఒక రోజు వరకూ ఉండవచ్చు. చక్కెరకు బదులుగా జైలిటాల్ కలిపిన నమిలే బిళ్ళలు, చూయింగ్ గమ్‌లు కూడా కుక్కలలో ఇన్సులిన్‌ను విపరీతంగా పెంచి, అరగంట, గంటలోనే ఇదే పరిస్థితిని తెస్తాయి.

రక్తపోటు మందులు: ఎమ్లోడిపిన్, ఎటినొలాల్, మెటోప్రొలాల్ రక్తపోటును ప్రమాదకరంగా తగ్గిస్తాయి. లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా కనిపించవచ్చు.

క్షయ మందులు: ఇప్పుడు నాలుగు మందులు కలిపి ఇచ్చే బిళ్ళలో 75 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్ ఉంటుంది. పది కిలోల కుక్క ఏడు బిళ్ళలు మింగితే కిలోకు 50 మిల్లీగ్రాములు దాటుతుంది.

ఊరట కలిగించే మాట కూడా ఒకటి చెప్పాలి. థైరాక్సిన్ బిళ్ళలను కుక్కలు చాలావరకు తట్టుకుంటాయి. వాటి చికిత్సకు వాడే మోతాదే మనుషుల మోతాదుకు పది రెట్లకు పైగా ఉంటుంది. అయినా ఫలానా మందు ప్రమాదం లేనిదని తేల్చవలసింది పశువైద్యుడే.

మొదటి గంటలో చేయవలసినవి

నోటిలోనూ, నేల మీదా మిగిలిన బిళ్ళలను తీసివేయండి. ఇంట్లో రెండు కుక్కలుంటే ఏది మింగిందో తెలియనపుడు, రెండింటిలో ప్రతిదీ మొత్తం మింగినట్లే లెక్కించండి.

నమిలిన అట్ట ముక్కలను ఏరి దాచండి. మందు పేరు, మిల్లీగ్రాములు, ఎన్ని బిళ్ళలు తగ్గాయో చూడండి. కనిపించని ప్రతి బిళ్ళా కడుపులో ఉన్నట్లే భావించండి. కుక్క వాంతి చేసుకుంటే దానిని కడిగివేయక ముందు ఫోనులో ఫొటో తీసుకోండి.

మింగిన వేళ రాసుకోండి. సరిగా తెలియకపోతే కుక్కను చివరిసారి మామూలుగా చూసిన వేళ రాయండి.

బరువు తెలియకపోతే కుక్కను ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడండి. తర్వాత మీరొక్కరే నిలబడి, ఆ బరువును తీసివేయండి.

వెంటనే పశువైద్యుడికి ఫోను చేసి పై నాలుగు వివరాలూ చెప్పండి, బయలుదేరండి. వాంతి చేయించవలసి ఉంటే ఆయన అపోమార్ఫిన్ వంటి సూదిమందుతో సురక్షితంగా చేయిస్తారు. సాధారణంగా మింగిన గంట, రెండు గంటల లోపే దాని వల్ల ప్రయోజనం. మగతగా ఉన్నపుడు, మూర్ఛలు వస్తున్నపుడు, పగ్ వంటి చట్టి ముక్కు కుక్కలలో వాంతి చేయించడం అపాయం. కావున ఆ నిర్ణయం ఆయనకే వదలండి.

మూర్ఛలు వస్తుంటే నోటి దగ్గర చేయి పెట్టకండి. చుట్టూ ఉన్న వస్తువులను తొలగించి, దుప్పటిలో పక్కకు పడుకోబెట్టి తీసుకుపోండి.

"ఇప్పటికి బాగానే ఉంది, పొద్దున చూద్దాం" అనే మాట ఈ విషయంలో అన్నిటికంటే చెడ్డది. పారసిటమాల్, ఇనుము, డి విటమిను మూడూ కుక్క బాగున్నట్లు కనిపించే వేళలోనే లోపల పని చేస్తుంటాయి.

చేయకూడనివి

మన పల్లెలలో పురుగుల మందు తాగినవారికి కుంకుడురసం పోసి కక్కించే అలవాటు ఉంది. ఆ రసం ఊపిరితిత్తులలోకి పోయి, మందు వలన గాక దానివల్లనే ఊపిరాడక పోయినవారిని నేను చూశాను. కుక్కకూ అదే జరుగుతుంది. కుంకుడురసం, సబ్బునీళ్ళు, చింతపండు రసం, నూనె, గుడ్డుసొన ఏదీ గొంతులో పోయవద్దు. ఉప్పునీళ్ళు అసలే వద్దు. రక్తంలో ఉప్పు విపరీతంగా పెరిగి మూర్ఛలు తెస్తుంది. పాలు విషాన్ని విరుస్తాయన్నది అపోహ. వైద్యులు వాడే బొగ్గుపొడి ప్రత్యేకంగా శుద్ధి చేసినది. పొయ్యిలోని బొగ్గును నూరి పోస్తే ఆ పని జరగదు. ఇనుము బిళ్ళలకైతే శుద్ధి చేసిన బొగ్గుపొడి కూడా పనిచేయదు.

ఒక్క మినహాయింపు ఉంది. మధుమేహపు బిళ్ళలు మింగిన కుక్క తూలుతూ, స్పృహలోనే ఉంటే, దారిలో కొంచెం చక్కెర పాకమో తేనెయో వేలితో చిగుళ్ళకు రాయవచ్చు. నోటిలో పోయరాదు. తేనె కొన్నప్పుడు దానిలో వేరే తీపి పదార్థాలు కలవలేదని చూసుకోండి.

దయతో ఇచ్చే విషం

కుక్క తనంతట తాను దొంగిలించి మింగే బిళ్ళల సంగతి ఇంతవరకు చెప్పాను. మన చేతులతో మనమే ఇచ్చే బిళ్ళల సంగతి ఇంకా మిగిలింది. కుక్క డీలాగా పడుకుంటే ఒంటి మీద చేయి వేసి చూస్తాము, వేడిగా తగులుతుంది, జ్వరమని సగం బిళ్ళను పెరుగన్నంలో పెడతాము. కుక్కకు సహజమైన శరీర ఉష్ణోగ్రతే 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనకు జ్వరమైన వేడి దానికి ఆరోగ్యం. చేతితో చూసి కుక్కకు జ్వరమున్నదో లేదో తేల్చలేము. కుంటుతున్నదని మన మోకాలి నొప్పుల బిళ్ళ పెట్టడం ఇంకా ప్రమాదకరం. ఒక రోజుకు ఏమీ కాకపోయినా, నాలుగు రోజులకు కడుపులో పుండు పడుతుంది.

పశువైద్యులు కొన్ని సందర్భాలలో మనుషుల మందులనే కుక్కలకు రాస్తారు. అది కుక్క బరువును బట్టి, దాని కాలేయం, మూత్రపిండాల స్థితిని బట్టి వేసిన లెక్క. "వాళ్ళ కుక్కకు రాశారు గదా" అని మన కుక్కకు వేయడానికి అది అనుమతి కాదు.

ఎక్కడకు వెళ్ళాలి?

ప్రొద్దుటూరు వాసులు ఒక విధంగా అదృష్టవంతులు. పట్టణాన్ని ఆనుకుని గోపవరంలో, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో, 2008 నుండి పశువైద్య కళాశాల ఉంది. జమ్మలమడుగు నుండి ప్రొద్దుటూరుకు అరగంట పైచిలుకు, పులివెందుల నుండి గంటకు పైగా ప్రయాణం. అంత దూరం పోయేలోగా వాంతి చేయించే సమయం మించిపోవచ్చు. కావున ఆ రెండు ఊళ్ళవారు ముందు తమ పట్టణంలోని పశువైద్యశాలకే పరుగెత్తాలి. పులివెందులలో ఉన్న పశు పరిశోధన కేంద్రాన్ని పరిశోధన కోసం కట్టారు, అది అత్యవసర చికిత్సాలయమని పొరబడవద్దు. సంచార పశువైద్య సేవల నెంబరు 1962కు ఫోను చేయండి గాని, వాహనం వస్తుందని ఇంట్లో కూర్చుని ఎదురుచూడకండి.

ఆపద రాత్రిపూట వస్తే పశువైద్యశాల మూసి ఉంటుంది. అందుచేత ఈ వ్యాసం చదవడం పూర్తికాగానే మీ పశువైద్యుడి ఫోను నెంబరును మీ మందుల పెట్టె మూత లోపల రాసి అతికించండి. రాత్రివేళ ఎవరిని పిలవాలో కూడా ఆయననే అడిగి రాసుకోండి.

నా అభిప్రాయం

మనుషుల వైద్యులు కుక్కలకు చికిత్స చేయాలని నేను అనడం లేదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేయవలసింది నమోదైన పశువైద్యులే. అది సరైన నియమం. కానీ రాత్రివేళ ఆసుపత్రి గడప తొక్కిన మనిషిని "ఇది మనుషుల ఆసుపత్రి" అని పంపివేయడం వేరు, పశువైద్యుడికి ఫోను కలిపి ఇవ్వడం వేరు. ఎట్రోపిన్, బి6, ఎసిటైల్‌సిస్టీన్, గ్లూకోజు ఇరువురి అల్మరాలలోనూ ఉండే మందులే. పశువైద్యుడు కోరితే ఒక సూదిమందును సర్దడం వల్ల ఏ ఆసుపత్రీ పేదది కాదు. ఒక ఊరిలోని వైద్యాధికారీ, పశువైద్యాధికారీ ఒకరి ఫోను నెంబరు మరొకరి దగ్గర ఉంచుకోవడానికి ప్రత్యేకంగా ప్రభుత్వ ఉత్తరువు అవసరం లేదు.

రెండవది, మేము మందు రాసేటపుడు "భోజనానికి ముందా, తర్వాతనా" అని చెబుతాము. "ఎక్కడ పెడతారు?" అని అడగము. నా ఉద్యోగ జీవితంలో నేనూ అడగలేదు. మందుల అంగడివారు, ఆశా కార్యకర్తలు, ఆరోగ్య కార్యకర్తలు కూడా ఈ ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెడితే ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి. కుక్క మందులు మింగిందని రోగి చెబితే కోప్పడకుండా, పోయిన బిళ్ళలకు బదులు ఇవ్వాలి. లేకపోతే ఆ కాపరి వలె మౌనంగా చికిత్స మానేస్తారు.

"మనుషులకే దిక్కులేదు, కుక్కల గురించి ఇంత రాద్ధాంతమా?" అని కొందరంటారు. నేను వృత్తిలో ఉన్న కాలమంతా ఆ మాట అన్నవాడినే. ఇప్పుడు దానికి నా సమాధానం ఇది. నేను అడుగుతున్న పనులకు ఖర్చు లేదు. బిళ్ళల అట్ట కుక్కకు అందిందంటే, అది రెండేళ్ళ మనుమరాలికీ అందుతుంది. ఆ పాపకు పది కిలోల కుక్కకంటే ఎక్కువ బరువేమీ ఉండదు. కుక్క అట్ట నమిలిన ఇల్లు, బిడ్డ విషయంలో ముందుగా హెచ్చరిక అందుకున్న ఇల్లు. బిడ్డే మింగినట్లయితే 108కి ఫోను చేసి, అదే విధంగా అట్టతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి.

చివరగా ఇంటి పెద్దలకు నాలుగు మాటలు. మందులను మూత బిగుతుగా పట్టే డబ్బాలో వేసి, తలుపున్న అల్మరాలో, మీ భుజం కంటే ఎత్తున పెట్టండి. బిళ్ళ వేసుకునేటపుడు కింద పడితే వెతికి తీయనిదే అక్కడి నుండి కదలకండి. అతిథులు వచ్చినపుడు వారి చేతిసంచులను నేల మీద ఉంచనీయకండి. గడువు తీరిన మందులను అట్టలతో సహా వీధి చెత్తకుప్పలో పారవేయకండి. అక్కడ వాటిని వెతుక్కునేవి యజమాని లేని కుక్కలు, ఆవులు. బిళ్ళలను అట్ట నుండి తీసి, వాడిన టీపొడిలో తడిపి కలిపి, మూట గట్టిగా కట్టి పారవేయండి.

ఈ రోజు మధ్యాహ్న భోజనం తర్వాత మీ బిళ్ళ వేసుకున్నపుడు, ఆ సంచిని మళ్ళీ ఎక్కడ పెడుతున్నారో ఒకసారి చూసుకోండి. నేను కోరేది అంతే.